బిళ్ళల రోజున ఆ రెండు ప్రశ్నలూ అడగండి: వైద్య ఆరోగ్య శాఖల పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కమిషనర్లకు, జిల్లా వైద్యాధికారులకు

నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో, కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా ఉద్యోగం మొదలుపెట్టి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు నాకు షుగరుంది. చేతివేళ్ళకు కీళ్ళవాతం ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) రిజిస్టరు రాసే కుర్చీలో చాలా ఏళ్ళు కూర్చున్నాను, ఇప్పుడు ఎదురుగా ఉండే స్టూలు మీద కూర్చుంటున్నాను. అందుకే ఈ ఉత్తరం రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

అడగదలచుకున్నది ఒక్కటే. బీపీ, షుగరు బిళ్ళల కోసం నెలనెలా మన దగ్గరికొచ్చే మనిషిని కీళ్ళ నొప్పుల గురించీ, మనసు గురించీ కూడా అదే రోజు, అదే కుర్చీ దగ్గర అడగాలి. అడిగి ఊరుకోకుండా అక్కడే ఏదో ఒకటి చెయ్యాలి. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. గోడల మీద కొత్త పేరు రాయించే పనీ లేదు.

ఎన్‌సీడీ క్లినిక్ (బీపీ, షుగరు లాంటి అంటని జబ్బుల క్లినిక్) రోజు ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు. పొద్దున్నే వరండాలో క్యూ కడతారు. బీపీ పట్టీ చుట్టడం, వేలి మీద సూది గుచ్చి చుక్క తియ్యడం, వచ్చిన అంకెల్ని యాప్‌లో ఎక్కించడం, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లెక్కపెట్టి చేతిలో పెట్టడం, తర్వాతి మనిషిని పిలవడం. ఈ మధ్యలో ఆ మనిషి ఒకటి రెండు మాటలు అంటుంది. "మోకాళ్ళు ఒకటే పీకుడమ్మా" అంటుంది. "రాత్రిళ్ళు కన్ను మూతపడట్లేదు" అంటుంది. "ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లా" అంటుంది. నర్సు తలెత్తకుండానే "వయసొచ్చింది కదమ్మా, గుజ్జు అరిగింది, నడువు, బరువు తగ్గు" అంటుంది. నేను నర్సును తప్పుపట్టడం లేదు. ఆమెకు అరపూటలో వరండా అంతా ఖాళీ అవ్వాలి, మధ్యాహ్నానికి ఎంట్రీలు పూర్తవ్వాలి. యాప్‌లో మోకాలికి గడి లేదు, నిద్రకు గడి లేదు. గడి లేని బాధ మన వ్యవస్థలో లేనట్టే లెక్క.

రిటైరయ్యే ముందు, షుగరు ఎంతకీ అదుపులోకి రాని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళిరమ్మని ఒక జాబితా ఇచ్చారు. అందులో ఒకామె పేరు ఎదుట "మందులు సరిగా వాడటం లేదు" అని రాసుంది. అరవై దాటిన మనిషి, పొగాకు బేరన్లలోనూ మిరప కోతల్లోనూ పని చేసి చేసి ఆగిపోయింది. మందులేవమ్మా అంటే మంచం కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. మూత కూడా నేనే తియ్యాల్సి వచ్చింది. లోపల నెలల తరబడి మనం ఇచ్చిన స్ట్రిప్పులన్నీ వరసగా పేర్చి ఉన్నాయి, రేకు చిరగకుండా. వేళ్ళ కణుపులు ఉబ్బి, బొటనవేలు వంకర తిరిగి ఉంది. ఒక స్ట్రిప్పు చేతికిచ్చి నొక్కమన్నాను. రెండు చేతులతో పట్టుకుని నొక్కింది, మోకాలి మీద పెట్టి నొక్కింది, చివరికి పంటితో పట్టబోయి మానేసింది. మనవరాలు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల ఒలిచి ఇచ్చేదట. పిల్ల హాస్టలుకు వెళ్ళిపోయింది. కోడలిని పూటపూటా అడగాలంటే మొహమాటం. "అయినా వేసుకుని మాత్రం ఎవరిని ఉద్ధరించాలమ్మా" అంది చివరికి, గోడవైపు చూస్తూ.

ఆ డబ్బాలో మూడు జబ్బులున్నాయి. మన రిజిస్టరులో ఒక్కటే ఉంది. షుగరు తగ్గలేదని డోసు పెంచుతూ పోయాం. పెంచిన డోసు కూడా డబ్బాలోకే చేరింది. తర్వాత చేసిన పని చాలా చిన్నది. ఆశా కార్యకర్త సోమవారం సోమవారం వెళ్ళి వారానికి సరిపడా బిళ్ళలు గడుల పెట్టెలో వేసి వచ్చేది. వేళ్ళకు ఒంగోలులో పరీక్షలు చేయిస్తే వాతం అని తేలింది, దానికి మందు మొదలైంది. ఆశాతో వారానికి పది నిమిషాలు మాట్లాడటం మొదలుపెట్టాక మనిషి గుమ్మంలోకి వచ్చి కూర్చునేది. షుగరు పూర్తిగా దారికి రాలేదు గానీ, మూడొందలు దాటే అంకె మళ్ళీ కనపడలేదు.

షుగరున్న మనిషికి నడవమని చెప్తాం, సరైన సలహానే. మోకాలు అరిగిన మనిషి నడవలేదు. నడవకపోతే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే మోకాలు ఇంకా పోతుంది, షుగరు పెరుగుతుంది. ఇంట్లో కూర్చుంటే నలుగురితో మాట్లాడే దారి మూసుకుపోతుంది. డ్వాక్రా మీటింగు మానేస్తుంది, గుడి మెట్లు ఎక్కలేనని గుడి మానేస్తుంది, కింద కూర్చోలేనని పెళ్ళిళ్ళు మానేస్తుంది. దిగులు మొదలైతే నిద్ర పట్టదు, నిద్ర పట్టకపోతే నొప్పి రెట్టింపు తెలుస్తుంది. షుగరున్నవాళ్ళలో డిప్రెషన్ మిగతావాళ్ళకంటే సుమారు రెండింతలు ఎక్కువని వైద్యులందరికీ తెలుసు. ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు. ఆ లెక్కన ఎంతమంది మనసు పాడై మన వరండాల్లో నిలబడి ఉంటారో మీరే వేసుకోండి.

మనం ఏమీ ఇవ్వనప్పుడు మనిషి ఊరుకోడు. నొప్పికి ఎక్కడ దొరికితే అక్కడికి పోతాడు. ఈ సంగతి మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనం ఇచ్చే బీపీ బిళ్ళల పని చెడగొట్టేది ఇదే.

ప్రతి ఊళ్ళోనూ ఒక ఆర్ఎంపీ (డిగ్రీ లేని ఊరి వైద్యుడు) ఉంటాడు, ప్రతి సెంటరులోనూ మెడికల్ షాపు ఉంటుంది. కాగితపు పొట్లంలో నాలుగు విడి బిళ్ళలు కట్టి ఇస్తారు: ఒకటి డైక్లోఫెనాకో అసిక్లోఫెనాకో, ఒకటి గ్యాసుకు, ఒకటి రంగు విటమిను, ఒకటి చిన్న తెల్ల బిళ్ళ. ఆ చిన్న తెల్లది చాలాసార్లు స్టెరాయిడ్. లేదంటే డెక్సా అనే స్టెరాయిడ్ సూది. వేసిన పూటే ఒళ్ళు తేలికవుతుంది, మర్నాడు నాట్లకు పోగలదు, కూలి దక్కుతుంది. ఆ రోజు కూలి ఆ ఇంటికి ఎంత ముఖ్యమో తెలిసినవాళ్ళెవరూ ఆమెను కసరలేరు.

కానీ లోపల జరిగేది వేరు. డైక్లోఫెనాక్ జాతి నొప్పి బిళ్ళలు ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీని పెంచుతాయి, టెల్మిసార్టన్ పని చెయ్యకుండా అడ్డుపడతాయి. కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. బీపీకి టెల్మిసార్టన్, దాంతోపాటు నీరు పోయే బిళ్ళ వాడుతున్న మనిషి వాటి మీద ఈ నొప్పి బిళ్ళ కూడా వేసుకుంటే కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది. ఎండాకాలం పొలంలో చెమటోడ్చి నీళ్ళు సరిగ్గా తాగనివాళ్ళకు మరీ ప్రమాదం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఒక్క కారణం ఇంతవరకూ తేలలేదు. కానీ రక్తంలో క్రియాటినిన్ పెరిగిన, అంటే కిడ్నీ దెబ్బతిన్న, మనిషి ఈ బిళ్ళల జోలికి పోకూడదన్నది మాత్రం తేలిన విషయమే. ఉద్దానం ఊళ్ళైన కవిటిలో, సోంపేటలో అది తెలిసిన జాగ్రత్త. కనిగిరిలో, మునుగోడులో, ఆదిలాబాదులో ఆ జాగ్రత్త చెప్పేవాళ్ళు ఎందరు?

స్టెరాయిడ్ సంగతి ఇంకా మోసం. అది షుగరును పెంచుతుంది. సూది వేయించుకున్న రెండో రోజు మన క్లినిక్‌కు వస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. డాక్టరు గ్లిమిపిరైడ్ పెంచుతారు. సూది ప్రభావం దిగిపోయాక పెంచిన మందుకు షుగరు పడిపోతుంది, తెల్లవారుజామున చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. అప్పుడు ఆ మనిషి "సర్కారు బిళ్ళలు పడట్లేదు" అని మానేస్తుంది. నెలల తరబడి స్టెరాయిడ్ వాడి ముఖం ఉబ్బినవాళ్ళను ఒక్కసారిగా ఆపెయ్యమనడమూ ప్రాణం మీదికే తెస్తుంది, నెమ్మదిగా తగ్గించాలి. ఇదంతా డాక్టరుకు తెలియాలంటే "నొప్పికి ఏం వేసుకుంటున్నావమ్మా, పొట్లం ఒకసారి చూపించు" అని అడగాలి. కోప్పడకుండా అడగాలి. కోప్పడితే వచ్చే నెల పొట్లం ఇంట్లో దాచేసి వస్తుంది.

ఆర్ఎంపీల మీద అప్పుడప్పుడూ దాడులు చేస్తారు, బోర్డులు పీకేస్తారు, నెల తిరక్కుండా మళ్ళీ మొదలవుతుంది. నా అభిప్రాయం అడిగితే, పీహెచ్‌సీలో నొప్పికి సరైన వైద్యం దొరికిన రోజున ఆ సూదికి గిరాకీ తనంతట తనే తగ్గుతుంది. అప్పటిదాకా స్టెరాయిడ్ సూదుల అమ్మకం మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల కన్ను గట్టిగా ఉండాలి.

నొప్పులన్నీ ఒకటి కావు, అదీ చెప్పాలి. "కీళ్ళ నొప్పులు" అనగానే అరుగుదల అని తేల్చేస్తున్నాం. మోకాలు అరిగితే నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు నొప్పి, కూర్చుంటే కాస్త నెమ్మది. వాతమైతే పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోతాయి, పిడికిలి మూయడానికి గంట పడుతుంది, రెండు చేతులకూ ఒకేలా వస్తుంది. నాకు మొదట గుర్తుపట్టింది ఏ పెద్దాసుపత్రీ కాదు, మా సబ్‌సెంటరులో పనిచేస్తున్న, నర్సుకూ డాక్టరుకూ మధ్య స్థాయి వైద్యం చేసే ఎంఎల్‌హెచ్‌పీ అమ్మాయి. "మేడం, పొద్దున ఎంతసేపు బిగుసుకుంటున్నాయి?" అని అడిగింది, అంతే. వాతానికి మొదటి నెలల్లోనే మందు పడితే కీళ్ళు వంకర పోకుండా ఆపొచ్చు. ఆలస్యమైతే పోయిన కీలు తిరిగి రాదు. ఆ మందు ఖరీదైందీ కాదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే బిళ్ళ. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. కాబట్టి వారంలో ఏ రోజున వేసుకోవాలో తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసి ఇవ్వాలి. రక్తం, లివరు పరీక్షలు మధ్యమధ్యలో చెయ్యాలి. ఇదంతా జిల్లా ఆసుపత్రి చెప్తే పీహెచ్‌సీ నడపగల పనే.

షుగరున్నవాళ్ళకు భుజం పట్టేయడం మామూలుగా కంటే ఎక్కువ. జాకెట్టు వెనక హుక్కు పెట్టుకోలేనని చెప్పే ఆడవాళ్ళను "గ్యాసు పట్టింది" అని పంపేస్తున్నాం. ఆమ్లోడిపిన్ వల్ల చీలమండలు వాచినవాళ్ళు అది కీళ్ళ జబ్బనుకుని నొప్పి బిళ్ళలు మింగుతున్నారు. థైరాయిడ్ తగ్గితే ఒళ్ళు నొప్పులూ వస్తాయి, దిగులూ వస్తుంది, బరువూ పెరుగుతుంది. ఒక్క రక్తపరీక్షతో తేలే జబ్బుకు ఏళ్ళ తరబడి కాల్షియం బిళ్ళలిస్తున్నాం. మా పల్లెల సంగతి మరీ వేరు. ఒకప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని 1937లోనే వైద్యులు రాశారు. నల్లగొండ మర్రిగూడ, మునుగోడుల గురించి చెప్పనే అక్కర్లేదు. ఆ పల్లెల్లో నడుము వంగని మనిషిని అరుగుదల అనేసి పంపడం అన్యాయం. చికున్‌గున్యా 2005 చివర్లో మన రాష్ట్రంలోనే మళ్ళీ తల ఎత్తింది. జ్వరం వారంలో పోయినా కీళ్ళు నెలల తరబడి పట్టుకున్నాయి. అప్పుడు మంచం పట్టినవాళ్ళను దగ్గరుండి చూసినవాళ్ళం మేం. నొప్పి తగ్గదేమోనన్న భయమే వాళ్ళను సగం చంపింది.

ఇక మనసు.

మన దగ్గర దిగులు తిన్నగా చెప్పుకోరు. తల భారం, గుండె దడ, అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, నరాల బలహీనత, ఆకలి లేదు, నిద్ర లేదు అని చెప్తారు. తెలంగాణ వైపు రంది అంటారు, మనాది అంటారు. మగవాళ్ళయితే అదీ చెప్పరు. "నొప్పి తెలీకుండా నిద్ర పట్టాలని రాత్రికి కాస్త తాగుతున్నా" అంటారు, అదీ పక్కన భార్య లేనప్పుడు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఊళ్ళో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ళది ఇంకో రకం బాధ. వాళ్ళకు డబ్బుకు లోటుండదు. చీటీ చదివి పెట్టే మనిషే ఉండడు.

జిల్లా పేజీల్లో ఒక వార్త మీరు రోజూ చూస్తుంటారు. ఒక కాలమ్ వార్త, నాలుగు వాక్యాలు: ఫలానా ఊరి వృద్ధురాలు కొంతకాలంగా అనారోగ్యంతో బాధపడుతూ జీవితంపై విరక్తి చెంది పురుగుమందు తాగింది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో ఆత్మహత్యల కారణాల్లో కుటుంబ సమస్యల తర్వాత రెండో స్థానం అనారోగ్యానిది, సుమారు 18 శాతం. ఆ వార్తల్లోని చాలామంది పేరు ఏదో ఒక పీహెచ్‌సీ రిజిస్టరులో ఉండే ఉంటుంది. నెలనెలా వచ్చి బిళ్ళలు తీసుకెళ్ళినవాళ్ళే అయి ఉంటారు. మనం బీపీ చూశాం, మొహం చూడలేదు.

మీకు ఒక సంగతి గుర్తుచేస్తాను. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఆశా కార్యకర్త నింపే సీబాక్ ఫారం ఉంది కదా, అందులో మనసు గురించి రెండు ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా? దిగులుగా, నిస్పృహగా అనిపించిందా? మార్కులు మూడు దాటితే పైకి పంపాలని కూడా అందులోనే ఉంది. లేవడానికి నడవడానికి ఇబ్బందా, రోజువారీ పనులకు ఇతరుల సాయం కావాలా అని పెద్దవాళ్ళను అడిగే ప్రశ్నలూ ఉన్నాయి. అంటే ఢిల్లీలో కూర్చుని ఫారం రాసినవాళ్ళకు ఈ ఆలోచన వచ్చింది. ఆ ఫారం మాత్రం ఒకసారి నింపి, ఎక్కించి, మర్చిపోయేదిగా మిగిలింది. వాకిట్లో అత్త, కోడలు, పక్కింటావిడ ఉండగా "దిగులుగా ఉందా" అని అడిగితే ఏ మనిషి ఉందంటుంది? అన్నింటికీ "లేదు" అని టిక్కు పెట్టేసుకుంటున్నారు. అడగాల్సింది నెలనెలా, బిళ్ళలిచ్చేచోట, తెర చాటున, రెండు నిమిషాలు.

ఉందని చెప్తే ఏం చెయ్యాలి అన్నది సిబ్బంది భయం. ఆ భయం నిజమైనదే. చేతిలో ఏమీ లేకుండా పుండు కెలకమంటే ఎవరూ కెలకరు. అందుకని ముందే దారి ఏర్పాటు చెయ్యండి. తేలికపాటి దిగులుకు ఎంఎల్‌హెచ్‌పీ కూర్చుని వినడం, నిద్ర, రోజువారీ పనుల మీద చిన్నచిన్న లక్ష్యాలు పెట్టడం, ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం చాలావరకు సరిపోతుంది. కాస్త ఎక్కువైతే పీహెచ్‌సీ డాక్టరు మందు రాయగలగాలి, ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ ఈ-సంజీవనిలో జిల్లా సైకియాట్రిస్టుతో మాట్లాడి రాయాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడొద్దని సిబ్బందికి నేర్పండి. అడిగినందువల్ల ఆ ఆలోచన రాదు, ఉన్నది బయటపడుతుంది. అనిపిస్తోందని చెప్పిన మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఇంట్లో పురుగుమందు ఉంటే తీసెయ్యమని కుటుంబానికి చెప్పాలి, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఫోనులో మానసిక సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416 నంబరు 2022 నుంచీ ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. ఆ నంబరు బిళ్ళల కవరు మీద ముద్రిస్తే ఎంత ఖర్చవుతుంది?

ఇవన్నీ అయ్యే పనులేనా అని అడిగేవాళ్ళకు మన నేల మీది రెండు ఉదాహరణలు. షుగరుతో పాటు దిగులు ఉన్న 404 మంది మీద చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, విశాఖపట్నం క్లినిక్కుల్లో ఒక పరిశోధన జరిగింది, 2020లో ఫలితాలు వచ్చాయి. డాక్టర్లు కాని కేర్ కోఆర్డినేటర్లు రోగులను వెంటబెట్టుకుని చూసుకున్నారు, షుగరు డాక్టరూ మానసిక వైద్యుడూ వెనక ఉండి సలహా ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత చూస్తే దిగులు బాగా తగ్గి, దాంతోపాటు షుగరో బీపీయో కొలెస్ట్రాలో మెరుగుపడినవాళ్ళు మామూలు వైద్యం పొందినవాళ్ళలో కంటే ఎక్కువ. అవి పీహెచ్‌సీలు కావన్నది నిజమే. అయితే పశ్చిమ గోదావరి సంగతి చూడండి. అక్కడి పల్లెల్లో ఆశాలే ట్యాబ్ పట్టుకుని దిగులును గుర్తించారు, పీహెచ్‌సీ డాక్టర్లే ట్యాబ్ చూపిన దారిలో వైద్యం చేశారు. అంతకుముందు మానసిక వైద్యం గడప తొక్కనివాళ్ళు డాక్టరు దాకా వచ్చారు. మన ఆశాలు చెయ్యగలరని రుజువైన జిల్లా మన దగ్గరే ఉండగా, ఆ పని పరిశోధనతోనే ఆగిపోవడం నాకు మింగుడుపడదు.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ మానసిక వైద్యాన్ని ప్రాథమిక స్థాయితో సహా అన్ని స్థాయిల్లోనూ మామూలు వైద్యంలో కలపాలంటుంది. అత్యావశ్యక మందులు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన మాత్రం సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైకే వర్తిస్తుంది. ఆ ఒక్క మెట్టు కిందికి, పీహెచ్‌సీ దాకా దించండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16 సర్వేలో మానసిక జబ్బులున్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం దాకా వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. మన దగ్గర ఇంతకంటే బాగుందనుకోవడానికి మాత్రం నాకు ఆధారం కనపడలేదు.

నేను కోరేవి ఇవీ. ఎన్‌సీడీ యాప్‌లో ఉన్న గడుల్లో అక్కర్లేనివి తీసేసి, నొప్పికి ఒకటి, మనసుకు ఒకటి, నొప్పి బిళ్ళ వాడకానికి ఒకటి పెట్టండి. కొత్త యాప్ మాత్రం వద్దు, మా నర్సులు, ఆశాలు ఇప్పటికే ఫోన్లకు చాకిరీ చేస్తున్నారు. పారాసిటమాల్, పైపూత మందులు, అరికాళ్ళ మంటలకు చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్, దిగులుకు ఫ్లూఆక్సెటిన్ లేదా ఎస్సిటలోప్రామ్ నెలనెలా ఆగకుండా రావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ దిగులు మందులు డైక్లోఫెనాక్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పెద్దవాళ్ళకు అమిట్రిప్టిలిన్ ఇచ్చేముందు గుండె, కంటి నీటికాసులు, ప్రోస్టేట్ సంగతి అడగాలి. మనసు డాక్టరొకరు, కీళ్ళ డాక్టరొకరు, షుగరు డాక్టరొకరు విడివిడిగా రాసిస్తే ఈ కలబోతను చూసేవాళ్ళుండరు. పీహెచ్‌సీ డాక్టరు ఒక్కరే అన్ని చీటీలూ ముందేసుకుని చూడగలరు. ఏటా ఒకసారి క్రియాటినిన్, అవసరమైనవాళ్ళకు థైరాయిడ్, వాతం అనుమానం ఉంటే ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పీహెచ్‌సీ నుంచే నమూనా పంపి తెప్పించండి. బొంబాయి దాకా పోనక్కర్లేని పరీక్షలే ఇవి.

ఫిజియోథెరపిస్టు వారానికి ఒకరోజైనా మండలానికి రావాలి. వాళ్ళు వచ్చేదాకా ఎంఎల్‌హెచ్‌పీలకు నాలుగు వ్యాయామాలు నేర్పండి. కుర్చీలో కూర్చుని కాలు చాపి, తొడ కండరం బిగించి, పది లెక్కపెట్టేదాకా ఆపడం; కాలికి పది చొప్పున, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. దీనికి మందు లేదు, మిషను లేదు. తొడ బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. ఒక కిలో బరువు తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క. నడవలేనివాళ్ళకు నడవమని కాక ఇది చెప్పాలి. మరుగుదొడ్డి గుంటలో కూర్చోలేనివాళ్ళకు కమోడ్ కుర్చీ, చేతికర్ర, స్ట్రిప్పు నొక్కలేనివాళ్ళకు వారం గడుల పెట్టె, ఈ మూడూ పీహెచ్‌సీ అభివృద్ధి నిధుల నుంచి కొనుక్కునే వీలు కల్పించండి. బిళ్ళ ఇవ్వడం ఎంత ముఖ్యమో అది నోట్లోకి చేరడం అంత ముఖ్యం.

సిబ్బంది గురించి ఒక్క మాట. దిగులున్నవాళ్ళ మాట రోజంతా వినే నర్సుకూ దిగులు వస్తుంది. ఇళ్ళు తిరిగే ఆశాలకూ మోకాళ్ళు ఉన్నాయి. పని పెంచి, మనుషుల్ని పెంచకుండా ఈ ఉత్తర్వు ఇస్తే ఇదీ టిక్కు పెట్టే ఫారంగానే మిగిలిపోతుంది. ఖాళీగా ఉన్న ఏఎన్ఎం పోస్టులు నింపండి. ఈ పనికి ఆశాకు విడిగా డబ్బివ్వండి.

రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. ఒక్కో జిల్లాలో రెండు పీహెచ్‌సీలు తీసుకోండి. వచ్చే నెల బిళ్ళల రోజున పక్క గదిలో ఒక తెర కట్టించి మొదలుపెట్టండి. ఆ ప్రశ్నలు ఎలా అడగాలో, పొట్లం ఎలా చూపించమనాలో సిబ్బందితో కూర్చుని చెప్పడానికి నాలాంటి రిటైరైన నర్సులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. కబురు పెట్టండి, వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
ప్రకాశం జిల్లా